షోలాపూర్‌లో ఉమ్మడి కరీంనగర్

రిటైరైన రెవెన్యూ ఉద్యోగికి రెండు జబ్బులు వస్తాయి. ఒకటి షుగరు, రెండోది పుస్తకం రాయాలన్న కోరిక. షుగరుకు మాత్రలున్నాయి. రెండోదానికి లేవు కాబట్టి, ముప్పై నాలుగేళ్లు తహసీలు ఆఫీసుల్లో కూర్చుని డిప్యూటీ తహసీల్దారుగా దిగిపోయిన నేను మా రాజన్న సిరిసిల్ల జిల్లా చరిత్ర, పరిపాలన మీద ఒక గ్రంథం మొదలుపెట్టాను. ఎవరూ అడగలేదు. మా ఆవిడైతే వద్దని కూడా అన్నది. అర్జీ లేకుండా పని చేయడం సర్వీసులో ఏనాడూ కుదరలేదు కదా, ఇప్పుడైనా చేద్దామనిపించింది.

మా జిల్లా చరిత్ర నిజానికి నాలుగు ముక్కల్లో అయిపోతుంది. నిజాం కాలంలో మాది ఎలగందుల జిల్లా. అప్పుడు కలెక్టరుని అవ్వల్ తాలూక్‌దారు అనేవారు. తర్వాత కచేరీలు కరీంనగర్‌కు తరలాయి, జిల్లా పేరు కరీంనగర్ అయింది. ఎనభైల్లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2016 దసరా నాడు మాకు సొంత జిల్లా వచ్చింది, పది జిల్లాల రాష్ట్రం చివరికి ముప్పై మూడు జిల్లాలయింది. ఇంత జరిగినా మా ఊళ్లు అంగుళం కదల్లేదు. జనం వరండాల్లో నిలబడడం కూడా మానలేదు. బోర్డులు రాసే పెయింటర్లు మాత్రం బాగుపడ్డారు.

ఈ నాలుగు ముక్కల్నీ సాగదీసి పదకొండు అధ్యాయాలు చేశాను. పన్నెండోది 'వలసలు'. శీర్షిక రాశాను, కింద ఏం రాయాలో తోచలేదు. మగ్గాలున్న ప్రతి ఊరి నుంచీ సగం పద్మశాలి ఇళ్లు షోలాపూర్ పోయాయని మాత్రం తెలుసు. మా జిల్లాలోని ఎర్రగుంటపల్లె సర్పంచ్‌ని అడిగితే, వాళ్ల దాయాది శ్రీనివాస్ అక్కడ టవళ్ల కార్ఖానాలో పనిచేస్తాడని ఫోన్ నంబరు ఇచ్చాడు. అలా బయల్దేరాను. రైలు గురించి చెప్పను, రైలు రైల్లాగే ఉంది.

మొదటి రోజు: అశోక్ చౌక్

స్టేషన్ నుంచి ఎక్కిన ఆటో నడిపే ఆయన ట్రాఫిక్‌ను మరాఠీలో తిట్టి, నాతో హిందీలో మాట్లాడి, ఫోన్‌లో భార్యతో మాత్రం మన తెలుగే మాట్లాడాడు. ప్రాణం లేచొచ్చింది.

"తెలుగోళ్లా మీరు?" అన్నాను.

"తెలుగోళ్లమే. మీదే జిల్లా?"

పేరు అడగలేదు, పని అడగలేదు, మొదట జిల్లా అడిగాడు. నాలాంటివాడికి ఇంతకంటే ఏం కావాలి. గొంతు సవరించుకుని "రాజన్న సిరిసిల్ల" అన్నాను.

"గది యాడున్నది?"

"కరీంనగర్ పక్కన."

"గట్లయితె కరీంనగరే అనరాదు, గంత పొడుగెందుకు. మేం పాలమూరోళ్లం."

అశోక్ చౌక్‌లో దిగాక వీధుల వెంబడి నడిచాను. దుకాణాల బోర్డులన్నీ మరాఠీలో, లోపల బేరాలన్నీ తెలుగులో. ప్రతి సందులోంచీ పవర్‌లూమ్ చప్పుడు. మా ఇంట్లో కిటికీ తీస్తే పైసా ఖర్చు లేకుండా వినిపించే చప్పుడు వినడానికి ఒక రాత్రి నిద్ర పాడుచేసుకుని వచ్చానని అర్థమైంది. తేడా లేకపోలేదు. మా దగ్గర ఆ చప్పుడులోంచి పాలిస్టర్ గుడ్డ వస్తుంది, వీళ్ల దగ్గర టవలూ, దుప్పటీ వస్తాయి. టీ మా దగ్గర గ్లాసు నిండా పోస్తారు. ఇక్కడ అదే పది రూపాయలకు సగం గ్లాసు పోసి, దానికి 'కటింగ్' అని ఒక పేరు కూడా పెట్టారు.

మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో జొన్నరొట్టె అడిగాను. అప్పడంలా ఫెళ్లున విరిగే రొట్టె, పక్కన నూనె ఊరే పల్లీల కారప్పొడి తెచ్చిపెట్టారు. నిన్నటి రొట్టె ఇచ్చారని నేను గట్టిగానే గొడవపెట్టుకున్నాను. యజమాని ఓపిగ్గా ముందు మరాఠీలో, తర్వాత హిందీలో, చివరికి తెలుగులో చెప్పాడు. అది కడక్ భాకరి అట, గట్టిగా ఉండడానికే అలా చేస్తారట, నెలరోజులు నిలవుంటుందట, ఇది కట్టించుకుపోవడానికి పొరుగూళ్లనుంచి వస్తారట. "మెత్తది కావాల్నంటె ముందే చెప్పాలె సార్" అన్నాడు. రుచి మాత్రం అద్భుతం. కారప్పొడి మూడుసార్లు వేయించుకుని, తిట్టిన నోటితోనే ఒక పొట్లం భాకరి కొన్నాను.

అదే ఊపులో పక్క వీధిలో ఒక దుప్పటి కూడా కొన్నాను. షోలాపూర్ దుప్పటి షోలాపూర్‌లోనే కొన్నానన్న గర్వం సాయంత్రం శ్రీనివాస్‌ని కలిసేదాకా ఉంది. అతను అంచు రెండువేళ్లతో నలిపి చూసి, "ఇది మా దిక్కుది కాదు సార్, బయటినుంచి తెచ్చి అమ్ముతరు" అన్నాడు.

విడీ ఘర్కుల్

శ్రీనివాస్ ఇల్లు విడీ ఘర్కుల్‌లో. బీడీలు చుట్టే ఆడవాళ్ల కోసం కట్టిన కాలనీ అది, ఒకే రకం చిన్న ఇళ్లు, వరసలు వరసలు. గడప గడపకూ ఒక ఆడమనిషి, ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. చేతులు చేతుల పని చేస్తుంటే నోళ్లు నోళ్ల పని చేస్తుంటాయి. చేతుల వైపు ఎవరూ చూడరు.

శ్రీనివాస్ తల్లి లచ్చవ్వ కూడా గడపలోనే ఉంది. డెబ్బై దాటిన మనిషి. భర్త పోయి చాలా ఏళ్లయింది. చిన్నప్పుడే ఎర్రగుంటపల్లె నుంచి తల్లిదండ్రుల వెంట ఇక్కడికొచ్చి, ఇక్కడి బడిలో నాలుగు తరగతులు చదివి, బతికినంతకాలం మగ్గం నేసినవాడు ఆయన. నేను వంగి నమస్కారం పెట్టి, నా వెంట తెచ్చిన కానుక ఇచ్చాను. మా కొత్త జిల్లా పటం, లామినేషన్ చేయించింది. స్వీట్లు తేవాలని తట్టని బుర్ర నాది.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏ జిల్లా సారూ ఇది?"

"మనదే అవ్వా. రాజన్న సిరిసిల్ల."

"మాది కరీంనగర్ జిల్లా."

"ఒకప్పుడు. ఇప్పుడు మీ ఎర్రగుంటపల్లె ఈ కొత్త జిల్లాలో ఉంది."

"ఊరు జరిగిందా?"

"ఊరు జరగలేదు, జిల్లా జరిగింది."

"జరిగితె జరగనీ. మేమైతె జరగలే" అని మళ్లీ ఆకు అందుకుంది. పొట్ట చేతపట్టుకుని వందల కిలోమీటర్లు వచ్చిన ఇల్లు 'మేమైతే జరగలే' అంటుంటే ఏ గెజిట్ చూపించాలో నాకు తోచలేదు.

ఆ కాసేపట్లో నాకు అర్థమైంది ఏమిటంటే, ఉమ్మడి కరీంనగర్ జిల్లాను ఎవరూ రద్దు చేయలేదు. అది షోలాపూర్‌లో నడుస్తోంది. ఈ వరస కరీంనగరోళ్లది, ఆ వరసలో నల్గొండోళ్లు ఎక్కువ, ఆ మలుపు తర్వాత పాలమూరోళ్లు. పెళ్లి సంబంధం వస్తే ఇంటిపేరుకన్నా ముందు జిల్లా అడుగుతారు. లచ్చవ్వ తన పెద్దకూతురిని కరీంనగరోళ్లకే ఇచ్చింది, చిన్నకూతురు నల్గొండోళ్ల ఇంట పడింది. "మంచోళ్లే, పన్ పప్పుల పులుపు తక్కువ ఏస్తరు" అంది, 'కానీ' అనాల్సిన చోట మరాఠీ 'పన్' వేసి, ఇరవయ్యేళ్లుగా మానని బాధ చెబుతున్నట్టు. కలెక్టరు లేడు, ఆర్డీవో లేడు, జిల్లా మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. వాళ్లు లేకపోవడం వల్లే ఉందేమో, ఆ సంగతి నా గ్రంథంలో రాయలేను.

శ్రీనివాస్ కూతురు పూజ టీ తెచ్చింది. పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసైంది, నర్సింగ్‌లో రిజర్వేషన్ కింద సీటొచ్చింది. ఆ సీటు నిలవాలంటే కులం దాఖలా ఒక్కటే చాలదు. ఆ దాఖలా నిజమైనదేనా అని తేల్చడానికి ఇక్కడ ఇంకో అర్జీ పెట్టాలి, దాన్ని పడతాళణి అంటారు. అర్జీ తీసుకున్నట్టు ఆఫీసువాళ్లిచ్చే రసీదు ఎల్లుండి తేదీ దాటకుండా తెచ్చుకోవాలి. దాటితే సీటు వెనక వరసలో ఉన్నవాళ్లకి పోతుంది. కాగితాలన్నీ తయారుగా ఉన్నాయి, రేపు ఇచ్చేయడమే తరువాయి.

లచ్చవ్వ కుడిచెయ్యి చాచి చూపించింది. వేళ్ల కొసలు తంబాకుకు నల్లబడి, చూపుడువేలు గోరు అరిగిపోయి ఉంది. "పొల్ల గూడ చుడుతది, బడికెల్లి వచ్చినంక. మస్తు జోరుగ చుడుతది. అందుకే నాకు భయం" అంది. సీటు పోతే ఆ చేతులూ చాటలోనే ఉండిపోతాయని ఆమె భయం.

అప్పుడు పూజ నా దగ్గరికొచ్చి, "కాకా, మీరు సర్కార్ల చేసిన్రు గద. ఒక్కసారి ఫారం చూస్తరా?" అంది.

నన్ను ఎవరైనా ఫారం చూడమని అడిగి మూడేళ్లయింది. కళ్లజోడు తుడుచుకున్నాను. పెన్ను తీశాను. మా ఆవిడ అక్కడ ఉంటే పెన్ను లాక్కునేది.

రెండో రోజు: కొంతం చౌక్

తెల్లారి వెళ్లేసరికి నా జిల్లా పటం గడపలో పరిచి ఉంది. దానిమీద తడిపిన తునికాకు ఆరబోసి ఉంది. లామినేషన్ కాబట్టి తడి అంటదని లచ్చవ్వ మెచ్చుకుంది. పటానికి మా కలెక్టరేట్లో కూడా ఇంత ఉపయోగం ఉండదని ఊరుకున్నాను.

నా మనసంతా ఫారం మీదే ఉంది. ముందురోజే చూసేశాను. పూజ తాతగారి వివరాలతో శ్రీనివాస్ ఇచ్చిన ప్రమాణపత్రంలో, పుట్టిన ఊరు ఎర్రగుంటపల్లె, తాలూకా సిరిసిల్ల, జిల్లా కరీంనగర్ అని ఉంది. తాలూకాలు రద్దయి నలభై ఏళ్లు. ఆ ఊరు కరీంనగర్ జిల్లాలో లేదు. ప్రమాణం చేసి తప్పుడు వివరమా? అదీ జిల్లా చరిత్రకారుడి కళ్లెదుట!

"ఇది మార్చాలి" అన్నాను.

"బరోబరే సార్, పన్ మా నాయిన బడి దాఖలాల గట్లనే ఉన్నది గద" అన్నాడు శ్రీనివాస్. "కరీంనగర్, సిరిసిల్ల తాలూకా అనే ఉన్నది."

"అప్పటికి అది ఒప్పు. ఇప్పుడు ప్రమాణం చేసేది నువ్వు. ఇప్పటి పేరు రాయాలి. తప్పు రాస్తే కేసవుతుంది, తెలుసా?"

కేసు అనేసరికి అతను మెత్తబడ్డాడు. లచ్చవ్వ మెత్తబడలేదు. "సారూ, ముసలాయన కాయిదంల ఏమున్నదో అదే ఉండనీ. ఇన్నొద్దుల సంది అదే నడుస్తున్నది" అంది. "అవ్వా, నీకు తెలియదు" అన్నాను. సర్వీసులో ఎన్ని వేలసార్లు అన్నానో ఆ మాట, నోటికి అలవాటు.

కొంతం చౌక్ దగ్గర ఒక ఇరుకు గదిలో జిరాక్స్ మిషను, కంప్యూటరు పెట్టుకుని ఒకావిడ ఇలాంటి కాగితాలు టైపు చేస్తుంది. నల్గొండ వాళ్లట, అడగకముందే చెప్పింది. నేను చెప్పిన మార్పు విని కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"సార్, పాత దాఖలాల ఏమున్నదో కొత్త కాయిదంల గూడ గదే ఉండాలె. ఇరవై ఏండ్ల సంది గిదే టైపు చేస్తున్న నేను."

నేను ఫోన్ తీసి, జిల్లాల పునర్వ్యవస్థీకరణ ఉత్తర్వు తెరిచి, ఆ ఊరి మండలం ఉన్న పేజీ ఆమె ముఖం ముందు పెట్టాను. రిటైరైనా ఆ ఉత్తర్వును ఫోన్‌లో పెట్టుకుని తిరిగే మనిషిని ఆమె మొదటిసారి చూస్తున్నట్టుంది. శ్రీనివాస్ వైపు చూసింది. అతను నా వైపు చూశాడు. ఊరినుంచి వచ్చిన పెద్దమనిషిని, పైగా సర్కారు మనిషిని, నలుగురిలో కాదనలేకపోయాడు పాపం. ఆమె నిట్టూర్చి టైపు చేసింది. తాలూకా పోయి కొత్త మండలం వచ్చింది. కరీంనగర్ పోయి రాజన్న సిరిసిల్ల వచ్చింది. హిందీ చదివిన పుణ్యమా అని మరాఠీ అక్షరాలు కూడబలుక్కుని నేనే సరిచూశాను. ఒక్క దీర్ఘం కూడా తప్పు పోలేదు.

పన్నెండింటికల్లా ఆఫీసులో ఇచ్చేశాం. కిటికీ అవతల ఉన్న గుమాస్తా కాగితాలు లెక్కపెట్టి, రిజిస్టర్లో ఎక్కించి, నంబరు వేసి, సరిచూసి రసీదు రేపు ఇస్తామన్నాడు. ఇంటికొచ్చాక లచ్చవ్వ కోడలు పల్లీలు, బెల్లం పెట్టిన పోళీలు చేసింది. నాలుగు తిన్నాను. షుగరు సంగతి గుర్తుంది, అయినా ఒక ఆడపిల్ల జీవితం దిద్దిన రోజున నోరు కట్టుకోవడం భావ్యం కాదనుకున్నాను.

మూడో రోజు: కిటికీ ముందు

పదకొండింటికి నలుగురం వెళ్లాం. లచ్చవ్వ కూడా వచ్చింది. చాట పక్కనపెట్టి రావడం ఆమెకు ఒక రోజు పని పోగొట్టుకోవడం, అయినా వస్తానంది.

గుమాస్తా మర్యాదస్తుడు. శ్రీనివాస్‌ను కూర్చోమన్నాడు, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి తాతగారి పాత బడి దాఖలా, ఇంకోటి నేను దిద్దించిన ప్రమాణపత్రం. రెండింటి మీదా వేలు పెట్టి, "దోన్ జిల్హే, ఏక్ ఆజోబా?" అన్నాడు. రెండు జిల్లాలు, ఒక్క తాతా అని.

నాకు మరాఠీ రాదు, అయినా ఆ ముక్కకు ఎవరూ అనువాదం చేయనక్కర్లేకపోయింది. జిల్లా కలవదు, తాలూకా కలవదు, కలిసింది ఊరిపేరొక్కటే. ఎర్రగుంటపల్లె అనే పేరున్న ఊళ్లు ఆ రాష్ట్రంలో ఎన్నున్నాయో తనకేం తెలుసు అన్నాడాయన. అడగవలసిన ప్రశ్నే. అతని కుర్చీలో నేనున్నా అదే అడిగేవాణ్ణి, అంత మర్యాదగా మాత్రం కాదు.

నేను ఫోన్ చూపించాను. ఫోన్‌లో కనబడేది కాగితం కాదన్నాడు. నిన్నటి ప్రమాణపత్రం వెనక్కి ఇస్తే పాతది పెడతామన్నాం. నంబరు పడ్డ కాగితం వెనక్కి ఇవ్వరన్నాడు. ఆ ఊరు అప్పుడు ఆ జిల్లాలో ఉండేదనీ, ఇప్పుడు ఈ జిల్లాలో ఉందనీ అక్కడి అధికారి రాసిచ్చిన కాగితం తెస్తే సరిపోతుందట. ఎప్పటిలోగా? ఇవాళ ఐదింటిలోగా.

వరండాలోకి వచ్చి నా పాత ఆఫీసుకు ఫోన్ చేశాను. నా కింద ఏళ్లతరబడి పనిచేసినాయన ఇప్పుడు నా కుర్చీలో ఉన్నాడు. కుశలప్రశ్నలయ్యాక సంగతి చెప్పాను.

"తప్పకుండా సార్. దరఖాస్తు పెట్టించండి, పాత రికార్డు తెప్పించి వారం, పది రోజుల్లో ఇచ్చేద్దాం."

"ఇవాళే కావాలయ్యా. నా మాట మీద రాసి పంపించు."

 ఆయన ఎంతో వినయంగా, "నోటిమాట మీద ఏ కాగితమూ ఇవ్వొద్దని మాకు నేర్పింది మీరే కదా సార్" అన్నాడు.

నేర్పాను. చేరిన మొదటి రోజునే నేర్పాను. అంత బాగా నేర్చుకున్నందుకు మెచ్చుకోవాలో ఏడవాలో తెలియక ఫోన్ పెట్టేశాను. పూజ బెంచీ చివర కూర్చుని ఉంది.  కాలేజీ వాళ్లిచ్చిన కాగితం మడత విప్పి, మళ్లీ అదే మడత పెడుతోంది. ఆ పిల్ల నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేదని నిజంగా అనిపించింది. నా వయసులో సిగ్గుపడడం చాలా కష్టమైన పని, అలవాటు తప్పిపోతుంది.

మళ్లీ కిటికీ దగ్గరికెళ్లి, "వేరే దారేమైనా ఉందా సాబ్?" అని హిందీలో అడిగాను. జీవితంలో కిటికీకి ఇవతలి వైపు నిలబడి ఆ మాట అనడం నాకదే మొదలు. అతను దిద్దిన ప్రమాణపత్రం మళ్లీ చేతిలోకి తీసుకుని, ఈ పేర్లు ఎవరు మార్పించారని అడిగాడు. నేనే అన్నాను. అయితే మార్పించిన మనిషే ఎందుకు మార్పించాడో, అసలు వివరం ఏమిటో స్టాంపు కాగితం మీద రాసి, తన గుర్తింపు కాగితాలు జతచేసి ఇస్తే, దాన్ని అర్జీతో కలిపి రసీదు ఇస్తానన్నాడు. పైవాళ్లు తర్వాత చూసుకుంటారు. నా పింఛను కార్డు జేబులోనే ఉంది.

వరండాలో

మూడున్నరయింది. ముందు తెలుగులో రాసి, దాన్ని కొంతం చౌక్‌లో మరాఠీలో టైపు చేయిద్దామని బెంచీ మీద కూర్చున్నాను. చెయ్యి తిరిగిన పని. నాలుగు నిమిషాల్లో రాసేశాను. లేవబోతుంటే లచ్చవ్వ నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

"ఏం రాసినవో చదువు."

"టైం లేదవ్వా."

"నాకు చదువు రాదు సారూ. నువ్వు చదివితెనే నాకు ఎర్కయేది. నా మన్మరాలి కాయిదం."

ముప్పై నాలుగేళ్లలో నేను ఎన్ని బొటనవేళ్లు సిరాలో ముంచానో, ఆ కాగితాల్లో ఏముందో ఎందరికి చదివి వినిపించానో, ఆ లెక్క ఇప్పుడు రాయడం నాకంత మంచిది కాదు. కూర్చుని చదివాను. "వివరములు నమోదు చేయు సందర్భమున జిల్లా, తాలూకా పేర్లు పొరపాటున మారినవి. కావున సదరు పొరపాటును మన్నించి..."

"ఎవరు మార్చిన్రు?"

"నేనే కదా అవ్వా."

"నువ్వని అండ్ల లేదు గద."

"పొరపాటున మారినవి అంటే అదే అర్థం."

"పొరపాటంటె చెయ్యి జారుడు. నీ చెయ్యి జారిందా? నా కొడుకు వద్దన్నడు. నేను వద్దన్న. ఆ టైపు చేసే పిల్ల గూడ వద్దన్నది. నువ్వు ఇనలే. అది రాయి."

కోపంగా అనలేదు. బీడీ సరిగ్గా రాకపోతే విప్పి మళ్లీ చుట్టమన్నంత మామూలుగా చెప్పింది. వరండాలో ఉన్న నలుగురైదుగురు మా వైపే చూస్తున్నారు. పదవిలో ఉండగా 'మారినవి', 'జరిగినది', 'గమనించబడలేదు' అనే మాటల చాటున ఎంత హాయిగా బతికానో ఆ బెంచీ మీద తెలిసొచ్చింది. ఆ మాటల్లో ఎక్కడా మనిషి ఉండడు. పనులు వాటంతట అవే జరిగిపోతుంటాయి.

కొత్త కాగితం తీసుకున్నాను. ఇలా రాశాను: "ఈ కుటుంబం వారి ఊరు ఎర్రగుంటపల్లె, తాలూకా సిరిసిల్ల, జిల్లా కరీంనగర్ అని సరిగ్గానే రాశారు. నేను దాన్ని మార్పించాను. మార్చవద్దని ముగ్గురు చెప్పారు. నేను వినలేదు. తప్పు నాది. వీరి తప్పు ఏమీ లేదు."

చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది.

"ఇప్పుడు బాగున్నది. సంతకం పెట్టు" అంది.

కొంతం చౌక్‌లో టైపు చేసే ఆమె దాన్ని మరాఠీలోకి మారుస్తూ మధ్యలో ఆగి, 'ముగ్గురు' అన్నచోట నా వైపు చూసింది. డబ్బులు తీసుకోలేదు. నాలుగూ నలభైకి కిటికీ ముందున్నాం. గుమాస్తా మొత్తం చదివి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, ఇంకోసారి చదివాడు. ఇంత సూటిగా రాసిన కాగితం తన బల్ల మీదికి ఎప్పుడూ రాలేదని శ్రీనివాస్‌తో అన్నాడు. రసీదు రాసి ముద్ర వేసి పూజకిచ్చాడు. ఆ పిల్ల దాన్ని గుండెలకు హత్తుకోవడం లాంటిదేమీ చేయలేదు. తేదీ సరిగ్గా ఉందా లేదా అని రెండుసార్లు చూసుకుంది. మంచి నర్సు అవుతుంది.

తిరిగొచ్చాక

'వలసలు' అధ్యాయం రాస్తున్నాను, ఈసారి ఫోన్ చేసి లచ్చవ్వకు పేజీ పేజీ చదివి వినిపిస్తున్నాను. ఆమె బీడీలు చుట్టుకుంటూ వింటుంది, ఎక్కడైనా అబద్ధం అనిపిస్తే ఆపుతుంది. చాలాచోట్ల ఆపింది. పూజ కాలేజీలో చేరింది. పడతాళణి కాగితం కూడా వచ్చేసింది.

ఈ సంగతంతా మా రిటైర్డ్ మిత్రుల దగ్గర చెబితే అందరూ నన్నే కోప్పడ్డారు. ఎంత లేదన్నా అనుభవం ఉన్నవాడివి, తప్పు నాదని ఎవరైనా రాతపూర్వకంగా ఇస్తారా, 'పొరపాటున' అంటే సరిపోయేది కదా అన్నారు. వాళ్లన్నదీ నిజమే. నేను పనిచేసినన్నాళ్లూ పెట్టిన సంతకాలు లక్ష ఉంటాయేమో, ఏ కాగితంలోనూ ఎవరు ఏం చేశారో రాసి ఉండదు. రాసి ఉన్నది ఇదొక్కటే, అదీ రిటైరయ్యాక, చదువు రాని మనిషి చెప్పి రాయిస్తే.